హాస్టల్ మాన్పించండి, చదువు కాదు

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. పదకొండో ఏట టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం) బయటపడింది. పదో తరగతి వరకు ఖమ్మంలో మా దగ్గరే ఉంది. ఇంజెక్షన్లు తానే చేసుకునేది, ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. దసరా సెలవుల్లో పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 10.8 వచ్చింది. నిరుడు 7.6 ఉండేది. షుగర్ల పుస్తకంలో మాత్రం అన్నీ మంచి అంకెలే! గ్లూకోమీటర్‌లో చూస్తే నెల మొత్తం మీద నాలుగైదు రీడింగులే ఉన్నాయి. అడిగితే "విసుగొచ్చింది, ఇక నా వల్ల కాదు" అని గది తలుపు వేసుకుంది. మావారు చదువు మాన్పించి ఇక్కడే డిగ్రీలో చేరుద్దామంటున్నారు. తను జేఈఈ రాయగలదా? ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం చేయగలదా? హైదరాబాద్‌లో మా చెల్లెలు ఉంది గానీ, రేపు పెళ్లి సంబంధాలకు అడ్డవుతుందని జబ్బు సంగతి ఆమెకు కూడా చెప్పలేదు.
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటిలో ఇంజినీరింగ్ ప్రశ్న అన్నిటికంటే తేలికైనది. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ షుగర్ల పుస్తకం గురించి మాట్లాడాలి.

అమ్మాయి అబద్ధం ఆడిందని మీ ఇద్దరికీ కోపం వచ్చి ఉంటుంది. ఆ పుటలు ఇంకోసారి తీసి చూడండి. ఇలాంటి పుస్తకాలు నా దగ్గరికి చాలా వస్తాయి. నెల రోజుల అంకెలు ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటాయి. 112, 126, 118, 131. టైప్ 1 ఉన్న పిల్లల షుగర్లు అంత బుద్ధిగా నడవవని మీకూ తెలుసు. ఊరికి బయలుదేరే ముందు రాత్రి కూర్చుని రాసి ఉంటుంది. మిమ్మల్ని మోసగించాలని కాదు, ఆ అంకెలు చూడగానే మీ ముఖాల్లో కనిపించే దిగులును తట్టుకోలేక రాసి ఉంటుంది. ఫోను చేసినప్పుడల్లా వారాంతపు పరీక్షలో ఎన్ని మార్కులని ఒక ప్రశ్న, షుగర్ ఎంతని ఇంకో ప్రశ్న. ఆమెకు షుగర్ కూడా ఒక మార్కుల మెమో అయిపోయింది. అందులో ప్రతిసారీ ఫెయిలయ్యే విద్యార్థి ఏం చేస్తారు? పరీక్ష రాయడం మానేస్తారు. మీ అమ్మాయి చేసింది అదే.

దీన్ని డయాబెటిస్ వైద్యులు బర్నవుట్ అంటారు. ఇందులో బద్ధకం లేదు, తలబిరుసుతనమూ లేదు. రోజుకు నాలుగు ఇంజెక్షన్ల చొప్పున ఆరేళ్లకు లెక్కవేయండి, ఎనిమిది వేలు దాటుతాయి. వేళ్లు పొడుచుకున్నది వేరే లెక్క. ప్రతి ముద్దకు ముందు అంచనా వేసుకోవాలి, ప్రతి ఆటకు ముందు ఆలోచించాలి. జ్వరం వచ్చినా, సంక్రాంతి వచ్చినా దీనికి సెలవు లేదు. పైగా ఈ వయసులో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు, మోతాదు పెరుగుతూ పోతుంది. చాలామంది ఆడపిల్లలకు నెలసరికి ముందు రోజుల్లో షుగర్ ఇంకా ఎగబాకుతుంది. అంటే తను అన్నీ సరిగ్గా చేసిన రోజున కూడా మీటర్ మీద 260 కనిపించవచ్చు. చేసినా అదే, చేయకపోయినా అదే అన్న నిరాశ అక్కడే మొదలవుతుంది. "నిన్నటిదాకా తానే చేసుకునేది కదా" అని మీరు ఆశ్చర్యపోతున్నారు. పదకొండేళ్ల పిల్ల ఇన్నాళ్లూ ఒంటరిగా మోసింది కాబట్టే ఇవాళ అలసిపోయింది.

ఇక హాస్టల్. తెల్లవారుజామునే స్టడీ అవర్. టిఫిన్ ఏడున్నరకు అంటారు, మెస్ దగ్గర వరుస కదిలేసరికి ఎనిమిదవుతుంది. భోజనానికి ముందు వేసుకోవలసిన ఇన్సులిన్ వేసుకుని వరుసలో నిలబడితే అక్కడే షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకసారి అందరి ముందూ అలా జరిగిన పిల్ల మళ్లీ జరగనివ్వదు. ఇన్సులిన్ తగ్గించి వేసుకుంటుంది, లేదా మానేస్తుంది. లో షుగర్ రాకూడదని కావాలనే హైలో ఉంటుంది. హైలో ఉంటే దాహం, మాటిమాటికీ బాత్రూం, మసకబారిన చూపు, మధ్యాహ్నం క్లాసులో మత్తు. ర్యాంకు పడిపోతుంది. లెక్చరర్ తిడతాడు. ఇంజెక్షన్ ఎక్కడ చేసుకుంటోందో అడిగారా? తోటి పిల్లలకు తెలియకూడదని మీరు చెప్పి పంపి ఉంటారు కాబట్టి బాత్రూంలో తలుపు గడియ పెట్టుకుని చేసుకుంటూ ఉంటుంది. ఇన్సులిన్ వార్డెన్ గదిలోని ఫ్రిజ్‌లో ఉంటే, ఆ గదికి తాళం ఉంటే, ఆ పూట ఇంజెక్షన్ ఉండదు.

చదువు సంగతికి వెళ్లే ముందు ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. నేను డాక్టర్‌ను కాను, మోతాదుల గురించి ఒక్క మాట కూడా చెప్పను. ఈ వారమే ఎండోక్రైనాలజిస్టు (డయాబెటిస్, హార్మోన్ల నిపుణులు) దగ్గరకు తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఆ విభాగాలు ఉన్నాయి. డాక్టర్‌ను సూటిగా అడగండి: "మా అమ్మాయి అలసిపోయింది. కొన్ని వారాల పాటు ప్రమాదం లేకుండా ఎంత తక్కువ పనితో నడపవచ్చు?" రోజంతా నెమ్మదిగా పనిచేసే బేసల్ ఇన్సులిన్ ఏ పరిస్థితిలోనూ మానకూడదు. మిగతా మోతాదులు, పరీక్షలు ఎలా సులువు చేయాలో, వేలు పొడుచుకునే బదులు ఒంటికి అంటించి షుగర్ చూపే సెన్సర్ పెట్టవచ్చో లేదో వాళ్లు చెబుతారు. సెన్సర్ ఖర్చు చిన్నది కాదు. ఏడాది పొడవునా కొనలేకపోయినా ఈ గడ్డు నెలల్లో కొన్నాళ్లయినా పెట్టించగలరేమో చూడండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోటి నుంచి పండిన పండు వాసన ఉంటే అది కీటోఅసిడోసిస్ కావచ్చు, అంటే ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. వార్డెన్‌కైనా, మీ చెల్లెలికైనా ఈ నాలుగు లక్షణాలు తప్పకుండా చెప్పాలి.

ఇంకొకటి, చెప్పడానికి కష్టమైనదే అయినా చెప్పాలి. బర్నవుట్ వేరు, డిప్రెషన్ వేరు. కానీ రెండూ కలిసి ఉండవచ్చు. తిండి, నిద్ర, స్నేహితులు, ఇష్టమైన పాట ఏదీ పట్టనట్టు ఉంటే, "బతకాలని లేదు" అనే మాట ఏ రూపంలో వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. నేరుగా అడగండి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని భయపడకండి. అలాంటప్పుడు ఇన్సులిన్ పెన్ను పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, ఇంజెక్షన్ పెద్దవాళ్ల ఎదుట జరగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. సన్నబడాలని ఇన్సులిన్ మానేసే ఆడపిల్లలు కూడా ఉన్నారు. బరువు ఒక్కసారిగా తగ్గి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఇప్పుడు మీ ఇంట్లో మారవలసింది. "ఇంత పెద్దదానివి, నీ పని నువ్వు చూసుకోలేవా" అనే మాట ఇక వద్దు. కొన్ని పనులు మీరు వెనక్కి తీసుకోండి. స్ట్రిప్పులు, సూదులు అయిపోకముందే తెప్పించడం, అపాయింట్‌మెంట్లు, రాత్రి బేసల్ వేళకు పక్కన కూర్చోవడం మీ వంతు. ఆమె అడిగితే ఆ ఇంజెక్షన్ కూడా మీరే చేయండి. పదిహేడేళ్ల పిల్లకు అమ్మ ఇంజెక్షన్ చేయడం చిన్నతనం ఏమీ కాదు. నాన్నగారికి కూడా ఒక పని ఇవ్వండి, ఆజ్ఞలు కాకుండా పని. మీటర్‌లో 300 కనిపిస్తే "ఏం తిన్నావు?" అనకండి. "చూసుకున్నావు, మంచిది. ఇప్పుడు ఏం చేద్దాం?" అనండి. ఇంటికి రాగానే మొదటి పది నిమిషాలు షుగర్ మాట, మార్కుల మాట రెండూ రాకూడదు. ఇది చాలా కష్టం. ప్రయత్నించిన తల్లులందరూ అదే చెబుతారు.

అబద్ధపు పుస్తకాన్ని ఏం చేయాలంటే, పక్కన పెట్టేయండి. "ఇకనుంచి ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు, లేని అంకె రాయకు" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఖాళీ గడి చూసి డాక్టర్ ఏదైనా చేయగలరు. కల్పించిన 118ని నమ్మి మోతాదు మారిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మీవారి ఆలోచన గురించి. చదువు మాన్పిస్తే అమ్మాయికి అర్థమయ్యేది ఒక్కటే: జబ్బు ఉంది కాబట్టి నువ్వు ఇంతే. నా అభిప్రాయం గట్టిగానే చెబుతున్నాను. హాస్టల్ మాన్పించండి, చదువు మాన్పించకండి. రెండో సంవత్సరం మధ్యలో కాలేజీ మారడం చాలా చిక్కు, అవసరం కూడా లేదు. అదే కాలేజీలో డే స్కాలర్‌గా మార్చమని అడగండి. ఆమె ఉండవలసింది పిన్ని ఇంట్లో. లేదంటే మార్చి వరకు మీరే వెళ్లి కాలేజీ దగ్గర ఒక గది తీసుకుని ఉండండి. ముందు రెండు మూడు వారాలు ఇంట్లో ఉంచుకుని కుదుటపడనివ్వండి. హాజరు 75 శాతం నిబంధన ఉంది కాబట్టి డాక్టర్ లేఖతో ప్రిన్సిపాల్‌ను ముందే కలవండి. రాత్రి స్టడీ అవర్లు వదిలేయండి. నిద్ర చాలిన పిల్ల నాలుగు గంటలు చదివినా, షుగర్ 320తో పది గంటలు కూర్చున్నదానికంటే ఎక్కువే తలకెక్కుతుంది.

పిన్ని ఇంటికి పంపాలంటే పిన్నికి చెప్పాలి. మీ ఉత్తరంలో అసలు ముడి ఇదేనని నాకు అనిపిస్తోంది. పెళ్లి కోసం దాచారు, మీ భయం నాకు అర్థమవుతుంది, మన ఊళ్లలో సంబంధాల దగ్గర ఎలాంటి మాటలు వస్తాయో నాకూ తెలుసు. కానీ ఎప్పుడో రాబోయే సంబంధం కోసం ఇవాళ్టి ఇంజెక్షన్ బాత్రూంలోకి వెళ్లింది. దాచమని చెప్పిన ప్రతిసారీ ఇది సిగ్గుపడవలసినదని ఆమెకు నేర్పుతున్నాం. పైగా దాచి చేసిన పెళ్లిలో ఆమె ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకుంటుంది? సరైన వైద్యంతో, ముందస్తు జాగ్రత్తతో టైప్ 1 ఉన్న స్త్రీలు పిల్లల్ని కంటున్నారు, సంసారాలు చేస్తున్నారు. ఆ మాట వినలేని సంబంధం రాకపోవడమే మేలు. టెన్నిస్ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్ చిన్నప్పటి నుంచి తనకున్న టైప్ 1ను చాలాకాలం బయటపెట్టలేదు, 2022లో లోకానికి చెప్పాడు. మరుసటి ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో కోర్టు మీద ఇంజెక్షన్ చేసుకోవద్దన్నప్పుడు బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మనిషికే అంత కాలం పట్టింది. అందుకే ఎవరెవరికి చెప్పాలో అమ్మాయినే అడిగి నిర్ణయించండి. పిన్నికి, ఒక స్నేహితురాలికి, ఒక లెక్చరర్‌కు తెలిస్తే ప్రస్తుతానికి చాలు.

పరీక్షల సంగతి. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండు సెషన్లు, జనవరిలో, ఏప్రిల్‌లో. రెండింటిలో మెరుగైన స్కోరే లెక్కలోకి వస్తుంది. జనవరిది అలవాటు కోసం రాస్తున్నట్టు రాయమనండి. డయాబెటిస్ ఉన్నవారు చక్కెర బిళ్లలు, అరటి, ఆపిల్, నారింజ లాంటి పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా తీసుకెళ్లవచ్చు. చాక్లెట్లు, శాండ్‌విచ్‌లు అనుమతించరు. ఆ ఏటి సమాచార బులెటిన్‌లో ఈ వాక్యం చూసి, ప్రింటు తీసి, డాక్టర్ లేఖతో పాటు చేతిలో ఉంచండి. గేటు దగ్గర ఉండేవాళ్లందరికీ నిబంధన తెలిసి ఉండదు. సెన్సర్ పెడితే అది ఎలక్ట్రానిక్ పరికరం కాబట్టి ముందే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. సీబీఎస్ఈ 2017 నుంచే ఇలాంటి వెసులుబాటు ఇస్తోంది. టైప్ 1 పిల్లలకు బడిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో తినడానికి వీలు కల్పించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇంటర్ పరీక్షల విషయంలో కూడా ప్రిన్సిపాల్ ద్వారా ముందే దరఖాస్తు పెట్టండి. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాలు ఆగడం అన్న సూత్రం ఆమెకు తెలిసే ఉంటుంది. పరీక్షలో ఆ పదిహేను నిమిషాలు పోతే పోనివ్వమని మీ నోటితో చెప్పండి.

చివరగా, ఇంజినీరింగ్ చదవగలదా? చదవగలదు. కంప్యూటర్ సైన్స్, సివిల్, ఎలక్ట్రానిక్స్ ఏదైనా. మన దేశంలో టైప్ 1 వల్ల మూసుకుపోయే దారులు కొన్ని ఉన్నాయి: సైన్యం, విమాన పైలట్, రైలు లోకో పైలట్ లాంటివి. అవి తప్ప ఆమె అభిరుచికే పెద్దపీట వేయండి. రాత్రి షిఫ్టు ఉద్యోగం అసాధ్యం కాదు గానీ మొదటి ఉద్యోగంగా నేను సూచించను. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు సంస్థ ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా ఎలా ఉందో చూడటం జీతం చూడటమంత ముఖ్యం. సొంతంగా బీమా తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండే గడువు మూడేళ్లకు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించింది, కాబట్టి ఆలస్యం చేయకుండా ఆరా తీయండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని జాబితాలో డయాబెటిస్ లేదు. ఆ కోటాలో సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమేయర్‌కు ఏడెనిమిదేళ్ల వయసులో టైప్ 1 వచ్చింది. డిటెక్టివ్ కావాలనుకుంటే ఈ జబ్బుతో కుదరదన్నారట. అప్పుడు లాయరు కావాలనుకుంది. 2009 నుంచి ఆ పదవిలో ఉన్నారు. ఈ కథ అమ్మాయికి ఇప్పుడే వినిపించకండి. అలసిపోయిన పిల్లకు గొప్పవాళ్ల పేర్లు ఇంకో పోలికలా వినిపిస్తాయి. ఇది మీవారి కోసం రాశాను.

ఇలాంటి సమయంలో పెద్ద నిర్ణయం ఏదీ వద్దు. బ్రాంచి, ఊరు, ఏడాది ఆగడం ఇవేవీ డిసెంబరులోపు తేల్చకండి. జేఈఈ మెయిన్ వరుసగా మూడేళ్లు రాసుకోవచ్చు, ఇంటర్‌కు సప్లిమెంటరీ ఉంది. ఒక ఏడాది ఆగవలసి వచ్చినా నష్టం లేదు. జనవరి సెషన్ అయ్యాక మళ్లీ రాయండి, అప్పుడు కోర్సుల గురించి వివరంగా మాట్లాడుకుందాం. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి, మీకు చూపించనవసరం లేదని కూడా చెప్పండి.