ఆపరేషన్‌కు ముందు నాలుక కింది మాత్ర ఆపాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు, లారీ డ్రైవరు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రలకు అలవాటుపడ్డాడు. ఎనిమిది నెలలుగా డీ–అడిక్షన్ కేంద్రంలో ఇచ్చే బుప్రెనార్ఫిన్–నాలోక్సోన్ 2 మి.గ్రా. మాత్రలు రోజూ పొద్దున మూడు నాలుక కింద పెట్టుకుంటున్నాడు. తొడ ఎముక సరిగా అతకలేదని వచ్చే నెల కర్నూలులో రాడ్డు మారుస్తారట. వారం ముందే ఆ మాత్ర మానకుంటే మత్తు ఎక్కదని తెలిసిన కాంపౌండరు అంటున్నాడు. నిజమేనా?
– ఒక అక్క, గుంతకల్లు

జవాబు: మానిపించకండమ్మా. నడుముకిచ్చే మత్తుసూదికీ ఈ మాత్రకూ సంబంధం లేదు. ఆయన మాటలో కొంత నిజముంటే అది ఆపరేషన్ తర్వాతి నొప్పి విషయంలోనే. బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు బుప్రెనార్ఫిన్ మెదడులో ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి) మందుల చోటును ముందే పట్టేసుకుంటుంది. తర్వాత మార్ఫిన్ వచ్చినా లేవదు. ఒకప్పుడు డాక్టర్లే ఆపించేవారు. కానీ ఆపితే ఒళ్లునొప్పులు, విరేచనాలు, నిద్రలేమి మొదలై, వాటి మీద కోత నొప్పీ చేరి, మనిషి మళ్లీ పాత మాత్రల వైపే పోతాడు. రోజుకు 6 మి.గ్రా. అంటే ఇంకా కొన్ని సీట్లు ఖాళీయే. అవసరమైతే ఫెంటానిల్, మార్ఫిన్ మామూలుకంటే ఎక్కువ మోతాదులో, శ్వాసను గమనిస్తూ ఇస్తారు.

ఈ మాత్ర విత్‌డ్రాయల్‌ను, అంటే మందు మానితే వచ్చే ఆ బాధలను, రోజంతా ఆపినా, నొప్పిని ఆపేది ఆరు నుంచి ఎనిమిది గంటలే. అందుకే ఆపరేషన్ తర్వాత అదే 6 మి.గ్రా.ను ఎనిమిది గంటలకొకటిగా మూడు పూటలు పంచమని మత్తు డాక్టరును అడగండి. దానికి తోడు వేళ తప్పకుండా పారాసిటమాల్ (లివరు బాగుంటే ఆరు గంటలకు 1 గ్రా.), కిడ్నీలు బాగుంటే డైక్లోఫెనాక్ లాంటిది, తొడకు నరాల బ్లాక్ (నరాల దగ్గర ఇచ్చే మత్తుసూది). నొప్పి పెరిగాక అడుగుదాంలే అనుకుంటే అదుపు చేయడం కష్టం.

ఆపరేషన్ రోజు పరగడుపున ఉండమన్నా ఈ మాత్ర పెట్టుకోవచ్చు. నోరు ఎండితే చుక్క నీటితో తడిపితే చాలు. కరిగేదాకా, అయిదు పది నిమిషాలు, మింగకూడదు. మింగితే చాలావరకు వృథా.

ఈ మాత్ర మామూలు మందుల షాపులో దొరకదు. మోతాదు, చివరిసారి ఇచ్చిన తేదీ రాసిన చీటీ, సరిపడా మాత్రలు కేంద్రం నుంచి ముందే తెచ్చుకోండి. కేస్‌షీటు మీద ‘పెంటజోసిన్, బ్యుటార్ఫనాల్ వద్దు’ అని రాయించండి. ఇవీ నొప్పి సూదులే. మన వార్డుల్లో పెంటజోసిన్ అలవాటుగా పొడుస్తుంటారు, దానితో విత్‌డ్రాయల్ మొదలయ్యే ప్రమాదముంది. ఇంటికి పంపేటప్పుడు చీటీలో ట్రమడాల్ ఉందేమో చూడండి. ఉంటే మార్పించండి.

నాల్‌ట్రెక్సోన్ (ఓపియాయిడ్ల పనిని అడ్డుకునే మందు) వాడేవారి సంగతి వేరు. ముందే ఆపాల్సింది దాన్నే: మాత్రలైతే మూడు రోజులు, నెలకోసారి వేసే సూది అయితే నాలుగు వారాలు.