స్పూల్ నిండిందా? ముందు అది చూడండి

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. ఆదివారాలు కోవళం బీచ్‌లో గాలం వేస్తుంటాం. నాదీ మా బావదీ ఒకే పదడుగుల రాడ్, ఇద్దరం వేసేది 80 గ్రాముల సీసమే. ఆయన ఎర అలలు విరిగే చోటు దాటి పడుతుంది, నాది ఇవతలే ఆగిపోతోంది. నాది 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 20 పౌండ్ల మోనో లైన్ (ఒంటిపోగు నైలాన్ దారం). షాపులో అడిగితే లాంగ్ కాస్ట్ స్పూల్ (దూరం విసరడానికి చేసిన, లైన్ చుట్టుకునే చక్రం) ఉన్న రీల్ కొనమంటున్నారు. స్పూల్‌తో నిజంగా అంత తేడా వస్తుందా?

జవాబు: వస్తుంది. కానీ ఇప్పుడే డబ్బు పెట్టకండి, ముందు మీ స్పూల్లో లైన్ అంచుకి ఎంత కిందుందో చూసుకోండి.

స్పిన్నింగ్ రీల్లో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు. మిల్లులో బాబిన్ మీంచి నూలు ఊడొచ్చినట్టు లైన్ చుట్లు చుట్లుగా విడిపోతూ ముందు అంచు మీదుగా బయటికి జారుతుంది. 1905లో ఇంగ్లండ్‌లో ఈ రకం రీల్‌కి పేటెంట్ తీసుకున్న ఇల్లింగ్‌వర్త్ కూడా బట్టల మిల్లుల ఆయనే. లైన్ అంచుకి దగ్గరగా ఉన్నంతసేపు తేలిగ్గా జారుతుంది, లోతుకి దిగేకొద్దీ ప్రతి చుట్టూ అంచు ఎక్కి దిగాలి, రాపిడి అక్కడే పెరుగుతుంది. పైగా చుట్టు చిన్నదవుతుంది. లెక్క వేసి చూడండి, చుట్టు వ్యాసం 50 మిల్లీమీటర్లుంటే 60 మీటర్ల లైన్ పోవడానికి 380 చుట్లు చాలు, 40 అయితే 480 దాకా కావాలి. ఆ అదనపు వంద చుట్లూ అంచుని రాసుకుంటూనే పోతాయి.

లాంగ్ కాస్ట్ స్పూల్ చేసేది ఈ ఇబ్బందినే తగ్గించడం. అది పొడవుగా, లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి ఎంత లైన్ పోయినా మట్టం మెల్లగా దిగుతుంది. కొన్నిటిలో ముందు వైపు కాస్త సన్నగా చేస్తారు, వెనక చుట్లు ముందు చుట్లకి తగలకుండా. మంచి డిజైనే, కాదనను. కానీ సగం నింపిన లాంగ్ కాస్ట్ స్పూల్ కన్నా నిండుగా నింపిన మామూలు స్పూలే మేలని నా గట్టి అభిప్రాయం.

అందుకని అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువ దాకా నింపండి. అంచుదాకా పోస్తే మాత్రం చుట్లు కుప్పగా ఊడొచ్చి ముడి పడతాయి. ఆ తర్వాత లైన్ సంగతి. 20 పౌండ్ల మోనో సుమారు 0.4 మిల్లీమీటర్ల మందం, అదే బలమున్న బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన లైన్) దాదాపు అందులో సగమే, అందుకే గాలికీ గైడ్లకీ (రాడ్ మీది రింగులకీ) తక్కువ తగులుకుంటుంది. మధ్యాహ్నం కోవళంలో సముద్రం మీంచి గాలి ఎదురు కొడుతుంది కదా, అప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. అడుగున పాత మోనో చుట్టి పైన బ్రెయిడ్ వేస్తే ఖర్చూ తగ్గుతుంది, బ్రెయిడ్ స్పూల్ మీద జారిపోదు కూడా. కొసన షాక్ లీడర్ (విసురు దెబ్బ తట్టుకునే మందపాటి లైన్ ముక్క) తప్పకుండా కట్టండి, 28 గ్రాముల బరువుకి 10 పౌండ్ల చొప్పున, అంటే మీకు 30 పౌండ్లది. విసిరేటప్పుడు లైన్ తెగితే ఆ సీసం బీచ్‌లో నడిచేవాళ్ళకి తగలొచ్చు, ఈ విషయంలో రాజీ పడొద్దు.

ఇంకొకటి, స్పూల్ అంచు మీద చిన్న దూదిపింజ పెట్టి చుట్టూ తిప్పండి. ఎక్కడైనా పట్టుకుని పోగులు మిగిలితే అక్కడ గీత పడిందన్నమాట, రాళ్ళ మీద రీల్ పెట్టే అలవాటుంటే ఇది మామూలే. ఆ గీత లైన్‌ని ప్రతిసారీ కోస్తుంది, స్పూల్ మాత్రం మార్చుకోండి.

ప్రశ్న: ముట్టుకాడులో పండుగప్ప కోసం బెయిట్‌కాస్టర్ రీల్ కొన్నాను. అంచుదాకా లైన్ నింపాను, పది గ్రాముల ఎర విసిరితే ప్రతిసారీ చిక్కే. ఎందుకండీ? (వేళచ్చేరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఎందుకంటే అందులో విసిరినప్పుడు స్పూలే తిరుగుతుందమ్మా. తేలికపాటి ఎర అంత బరువున్న స్పూల్‌ని లాగి తిప్పాలి, తీరా తిప్పాక ఎదురుగాలికి ఎర నెమ్మదించినా స్పూల్ ఆగదు, ఆ మిగులు లైనే చిక్కు. కాబట్టి పై సలహాకి ఇది పూర్తిగా ఉల్టా, ఇక్కడ లైన్ తగ్గించండి, వీలైతే లోతు తక్కువ స్పూల్ వేయించుకోండి. ఎర మెల్లగా దిగి నేలకి తగలగానే స్పూల్ ఆగేలా పక్కనున్న టెన్షన్ నాబ్ బిగించండి, బ్రేకులు మొదట ఎక్కువే పెట్టి చెయ్యి కుదిరేకొద్దీ తగ్గించుకోండి. ఎర నీళ్ళకి తగిలేముందు బొటనవేలు స్పూల్ మీద ఆన్చడం మాత్రం మరవద్దు.