రక్తంలో ఫంగస్ వచ్చింది... జ్వరం తగ్గాక ఇంజెక్షన్ ఆపేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ ఉంది. ఫ్లూ ముదిరి న్యుమోనియా కావడంతో ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. కోలుకుంటున్నారు అనుకునేలోపే మళ్లీ జ్వరం వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో క్యాండిడా అని తేలింది. మెడ దగ్గర పెట్టిన లైన్ (రక్తనాళంలోకి మందులు ఎక్కించే గొట్టం) తీసేసి, రోజూ ఖరీదైన ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఇప్పుడు జ్వరం లేదు. ఇది బ్లాక్ ఫంగసేనా? ఇంజెక్షన్ ఆపి ఇంటికి తీసుకెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇంజెక్షన్ మాత్రం మీ అంతట మీరు ఆపించకండి. ఈ జబ్బులో రోజుల లెక్క జ్వరాన్ని బట్టి ఉండదు. ఒకటి రెండు రోజులకోసారి రక్తం తీసి మళ్లీ కల్చర్‌కు, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు పంపుతారు. అందులో ఫంగస్ పెరగని మొదటి శాంపిల్ ఏ రోజు తీశారో, అక్కడి నుంచి కనీసం 14 రోజులు మందు పడాలి. కంట్లోకో గుండె కవాటాలకో పాకితే ఇంకా ఎక్కువ కాలం. అందుకే కంటి డాక్టర్‌తో రెటీనా పరీక్ష చేయించారో లేదో అడగండి. ఐసీయూ హడావుడిలో తరచూ వాయిదా పడేది అదే.

ఖర్చు గురించి మీ టెన్షన్ అర్థమైంది. కాస్పోఫంగిన్, మైకాఫంగిన్ లాంటి ఇంజెక్షన్లతోనే మొదలుపెట్టడం సరైన పద్ధతి. కల్చర్ నెగటివ్ వచ్చి, మనిషి నిలకడగా ఉండి, ఆ ఫంగస్ ఫ్లుకోనజోల్‌కు లొంగే రకమని సెన్సిటివిటీ రిపోర్టులో ఉంటే, కొన్ని రోజులకు మాత్రలకు మార్చవచ్చు. అవి చాలా చవక. మిగతా కోర్సు ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవచ్చు. కాబట్టి డాక్టర్‌ను 'ఎప్పుడు ఆపుతారు' అని కాకుండా 'మాత్రలకు ఎప్పుడు మారుస్తారు' అని అడగండి.

ఇది బ్లాక్ ఫంగస్ కాదు. 2021లో కొవిడ్ తర్వాత మనల్ని భయపెట్టిన ఆ ఫంగస్ గాలిలోంచి ముక్కు, సైనస్‌లలోకి చేరేది. క్యాండిడా మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద మామూలుగా ఉండేదే. తీవ్రమైన ఫ్లూతో ఒళ్లు డీలాపడింది, షుగర్ ఉంది, పైగా రోజుల తరబడి యాంటీబయాటిక్స్. దాన్ని అదుపులో ఉంచే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి అది విపరీతంగా పెరుగుతుంది. స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే మరీనూ. రక్తంలోకి దారి పేగుల నుంచైనా దొరకొచ్చు, లైన్ నుంచైనా దొరకొచ్చు. ఆ ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుపోతే మందు సరిగా పనిచేయదు, అందుకే తీసేశారు. మంచి పని చేశారు.

యూరిన్‌లోనో కళ్లెలోనో క్యాండిడా అని వస్తే చాలాసార్లు మందే అక్కర్లేదు. రక్తంలో వస్తే మాత్రం ఒక్క శాంపిల్‌లో కనిపించినా వదిలేయకూడదు.

ఆరోగ్యంగా ఉన్న మీకు చూడటానికి వెళ్తే వచ్చే ప్రమాదం దాదాపు లేదు. కాకపోతే రిపోర్టులో 'ఆరిస్' అనే రకం ఉందేమో చూడండి. 2009లో జపాన్‌లో మొదట గుర్తించిన ఈ రకం ఫ్లుకోనజోల్‌కు సాధారణంగా లొంగదు. మంచాలు, చేతుల ద్వారా పక్క రోగులకు పాకుతుంది. లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చేతులు శుభ్రం చేసుకోండి.

ఫ్లుకోనజోల్ మాత్రలతో ఇంటికి పంపితే, షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడుతున్నారేమో డాక్టర్‌కు చెప్పండి. రెండూ కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. చూపు మసకబారినా, చలిజ్వరం తిరగబెట్టినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి.