పలచటి సోలు బూట్లు కొనేముందు

అమలాపురం

చిరంజీవి సత్తిబాబుకి మావయ్య ఆశీస్సులు.

కోరింగ మడ అడవికీ, మాఘం వెళ్ళాక పాపికొండల వైపూ కెమెరా పట్టుకు తిరగడానికి ‘బేర్‌ఫుట్’ బూట్లు, అంటే ఉత్తకాళ్ళతో నడిచినట్టుండే పలచటి సోలు బూట్లు, కొందామనుకుంటున్నానని రాశావు. నువ్వు పంపిన బొమ్మలో ఉన్నవాడు విల్లు పట్టుకున్న అమెరికా వేటగాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ముచ్చట ముగిసింది కనక నీ భుజాన లెన్సు ఉంటుంది. అలికిడి లేకుండా దగ్గరికి పోవలసిన అవసరం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆ పనికి ఈ బూటు బాగానే ఉంటుంది. అయితే అతను నడిచేది పైన్ ఆకులు పరిచిన నేల మీద, నువ్వు దిగేది ఒండ్రులోకి. ఆ తేడా చూసుకుని కొనాలి.

మామూలు ట్రెక్కింగు బూటులో మడమ ముందు పాదం కన్నా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటుంది. ఈ బూటులో ఆ తేడా సున్నా, దాన్నే జీరో డ్రాప్ అంటారు. సోలు, నేల పట్టుకోడానికి అడుగున ఉండే పళ్ళు కాక 3 నుంచి 5 మిల్లీమీటర్లు, పళ్ళు ఇంకో 3 నుంచి 5. వేళ్ళ దగ్గర విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అందరూ సోలు ఎంత పలచనో అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది వెడల్పు. సోలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పాదం సర్దుకుంటుంది, చిటికెన వేలు నొక్కుకుపోతే రెండో మైలుకే కుంటుతావు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మనవాళ్ళ పాదాలు యూరపు, అమెరికా వాళ్ళ వాటికన్నా వెడల్పని తేల్చింది. చిన్నప్పటినుంచీ చెప్పుల్లేకుండా గట్ల మీద తిరిగిన పాదమైతే మరీను. కాబట్టి బయటి కంపెనీ ‘వెడల్పు’ అని రాసినంత మాత్రాన నమ్మకు.

కొలత ఇలా తియ్యి. సాయంత్రం, తిరిగి వచ్చాక, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నువ్వు బూట్లోకి వేసుకునే మేజోళ్ళే తొడుక్కుని, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడు. బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా పెట్టు. పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని ఇంకొకరు గీయాలి. నువ్వే వంగి గీస్తే పెన్సిలు లోపలికి వాలి 5 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. రెండు పాదాలూ గీసి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకో. పొడవుకి 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలుపు. నీ పాదం 260 అయితే బూటు లోపలి పొడవు 270-272 కావాలి. యూరపు నంబరును 6.67తో గుణిస్తే బూటు కుట్టే అచ్చు పొడవు మిల్లీమీటర్లలో సుమారుగా వస్తుంది, 41 అంటే 273 అన్నమాట. అది లెక్కకే. కంపెనీ ఇచ్చే లోపలి కొలతల పట్టికే అసలు ఆధారం. బూటు వచ్చాక లోపలి అట్ట బయటికి లాగి దాని మీద నిలబడు. ఏ వేలైనా అంచు దాటి పొంగితే ఆ బూటు నీది కాదు, వెంటనే తిప్పి పంపు. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే సుంకం కాక వాపసు ఖర్చు కూడా నీదే అవుతుంది కాబట్టి కాగితం మీద రెండుసార్లు కొలిచినా నష్టం లేదు.

ఆ తరవాత ముణుకు మీద పెట్టి వంచి చూడు. ముందూ వెనకా వంగితే చాలదు, తడి గుడ్డ పిండినట్టు పక్కకి మెలి తిరగాలి. కొన్ని బూట్ల మీద ‘మినిమలిస్ట్’ అని రాసి ఉంటుంది, లోపల మాత్రం గట్టి పలక పెట్టి ఉంటారు. అలాంటివాటిలో ఎండుపుల్ల కాలి కింద విరిగిందాకా నీకు తెలియదు.

పలచటి సోలు ఉపయోగం అక్కడే. మడమతో దబ్బున అడుగేసే అలవాటు ముందు మానుకో. అడుగు వేసేటప్పుడు బరువంతా వెనక కాలి మీదే ఉంచి, ముందు పాదం బయటి అంచు నేలకి తాకించు. కింద పుల్లో, టేకాకో తగిలితే అరికాలికి తెలుస్తుంది. బరువు మోపకముందే పాదం ఎత్తి రెండంగుళాలు పక్కన పెట్టు. ఖాళీ ఉందనుకుంటే బయటి అంచు నుంచి బొటనవేలి వైపు మెల్లగా దొర్లించి, చివర్న మడమ దించు. ఫాల్గుణంలో టేకు అడవిలో ఆకు అప్పడంలా విరుగుతుంది, అక్కడ ఎంత మంచి బూటైనా దేవుడే దిక్కు. తెల్లవారుజామున మంచు పడి ఆకు మెత్తగా ఉన్న గంటన్నరలోనే పని ముగించుకోవాలి.

ఇక మన నేలలు. చేను గట్టు మీదకి ఇంతకన్నా మంచి బూటు లేదు, అడుగు వెడల్పు గట్టు మీద కాలి వేళ్ళు విచ్చుకుని పట్టుకుంటాయి. అయితే పళ్ళ మధ్య ఎడం చూసుకో. పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటే ఒండ్రు మట్టి ఇరుక్కుని నాలుగడుగుల్లో సోలు నున్నటి పలకైపోతుంది, తూము దగ్గర జారి కాలవలో పడతావు. పన్ను 4-5 మిల్లీమీటర్ల ఎత్తు, పన్నుకీ పన్నుకీ మధ్య వేలి మందం ఎడం ఉంటే మట్టి దానంతటదే రాలుతుంది.

కోరింగలో ముందు సంగతి, పర్యాటకుల చెక్క వంతెన దిగి లోపలికి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. పోటు పాట్ల వేళలు తెలిసిన స్థానికుడిని వెంట పెట్టుకో. లోపల మడ చెట్ల శ్వాసవేర్లు పెన్సిళ్ళు నాటినట్టు నిలబడి ఉంటాయి, వాటి మధ్య ఆల్చిప్పల పెంకులు. పలచటి సోలు కింద శ్వాసవేరు గుచ్చుకున్నట్టే ఉంటుంది గాని కోసుకుపోదు. పెంకు అంచు మాత్రం బూటు పక్క గుడ్డని చీల్చేస్తుంది. అందుకని మడ అడవికి సోలు రబ్బరు పక్కలకి కూడా ఒక అంగుళం పైకి ఎక్కి ఉన్న బూటు చూడు. చీలమండ దాటిన బురదలో ఏ లేసు బూటూ నిలవదు. మడమ ఎత్తగానే బురద పీల్చేసుకుంటుంది, కాలు వస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. గెడతో లోతు చూసుకుని, చీలమండ దాటితే పక్కనుంచి వెళ్ళు. చెరువుల దగ్గర వాడే గమ్ బూటు వేసుకుందామన్నా లోతు బురదలో అది ఇంకా తొందరగా ఊడుతుంది.

నన్ను భయపెట్టేది బురద కాదు, ముల్లు. లంకల్లోనూ కాలవ గట్ల వెంటా సర్కారు తుమ్మ కొమ్మలు నరికి పడేసి ఉంటాయి. ఎండిన ఆ ముల్లు మీద ఒళ్ళు బరువంతా పడితే 4 మిల్లీమీటర్ల రబ్బరు ఆపలేదు. పళ్ళు ఉన్నా ప్రయోజనం తక్కువ, ముల్లు పళ్ళ సందులో నుంచే దిగుతుంది. కొన్ని కంపెనీలు సోలు లోపల ముల్లు దిగని నేత పొర వేస్తాయి. డబ్బు ఎక్కువైనా మన నేలకి అదే తీసుకో, దాని బదులు ఇంకేదైనా తగ్గించుకో. లోపల తోలు అట్ట వేసుకుంటే ముల్లు వేగం తగ్గుతుంది, ఆగదు. ఇంకో మాట. విరిగిన ముల్లు మొన సోలులోనే ఉండిపోయి, వారం తరవాత నడుస్తుండగా లోపలికి వస్తుంది. రోజూ ఇంటికి రాగానే సోలు వంచి వెలుతుర్లో చూసి పట్టకారుతో లాగెయ్. టెటనస్ ఇంజక్షన్ తీసుకుని ఎన్నేళ్ళయిందో అక్కయ్యనడుగు. అరికాలికి గాయం ఉన్నప్పుడు చేల నీళ్ళలో దిగకు, ఎలుక మూత్రం కలిసిన నీళ్ళవల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు.

పాపికొండల్లో రాయి వేరే లెక్క. గుండ్రాళ్ళ వాగుల్లో పలచటి సోలు రాయికి అతుక్కుంటుంది, కాలు మెలిక పడేది తక్కువ. పదునైన గులకరాళ్ళ దారిలో గంట దాటితే అరికాలు మంట. అక్కడికి సోలు పళ్ళతో కలిపి 10-12 మిల్లీమీటర్లున్నది, లోపల 3 మిల్లీమీటర్ల అట్ట వేసుకునేది నయం. నీ ట్రైపాడు, లెన్సు, నీళ్ళు కలిపి పది కిలోలు దాటితే మొదటి ఏడాది ఈ బూట్లతో కొండ ఎక్కకు.

పై భాగం గురించి. వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టకు. మనకి నీళ్ళు బూటు పక్కలనుంచి రావు, పై అంచు దాటి లోపలికొస్తాయి. వచ్చాక ఆ పొర బయటికి పోనివ్వదు. చెమట కూడా అంతే. నీళ్ళు కారే చిల్లులున్న నైలాను గుడ్డ బూటు, మడమా వేళ్ళ దగ్గర తోలు ముక్కలతో ఉన్నది మన గాలికి సరి. పూర్తి తోలు బూటు ముళ్ళ పొదలకి మంచిదే గాని తడిస్తే రెండ్రోజులు ఆరదు, శ్రావణంలో బూజు పడుతుంది. బూటు చీలమండని కప్పేంత ఎత్తుంటే చాలు, మరీ ఎత్తయితే మడమ తిరగనివ్వదు. పాము కాటుని ఏ పలచటి బూటూ ఆపదు. గడ్డిలో కర్రతో తట్టుకుంటూ నడువు. జరగరానిది జరిగితే కట్టు బిగించడం, కోయడం లేకుండా కాలు కదపకుండా 108కి ఫోను చెయ్యి.

మేజోళ్ళు నూలువి వద్దు, చెమట పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి. పలచటి ఊలు, నైలాను కలిసినవి, వీలైతే వేలు వేలుకీ విడిగా ఉన్నవి తీసుకో. వానాకాలం కొండల్లోకైతే పైన జలగలు పట్టకుండా ఆపే మేజోళ్ళు.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. ఇన్నేళ్ళూ మడమ ఎత్తు బూట్లు వాడిన పిక్క కండరం పొట్టిదై ఉంటుంది. ఒక్కసారిగా మారితే మడమ వెనక నరం లాగుతుంది, ఇంకా తొందరపడితే పాదం ఎముక చిట్లుతుంది. 2013లో అమెరికా బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 36 మంది పరుగు వీరులను తీసుకుని, పది వారాల ముందూ తరవాతా ఎమ్మారై తీసి చూస్తే, పలచటి చెప్పులకి మారినవాళ్ళలో సగానికి పైగా మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. వాళ్ళు రోజూ పరిగెత్తేవాళ్ళే సుమా. నువ్వు మొదటి రెండు వారాలూ ఇంట్లో, వీధిలో రోజుకి ఇరవై నిమిషాలు. తరవాత రెండు వారాలు గట్ల మీద నలభై నిమిషాలు, రోజు విడిచి రోజు. వారానికి పావువంతు కన్నా ఎక్కువ పెంచకు. రెండో నెలాఖరుకి గంటన్నర నడిచి, మర్నాడు పొద్దున్న మంచం దిగేటప్పుడు మడమలో పోటు లేకపోతే అడవికి సిద్ధం. పాదం పైభాగం ఒకే చోట వేలు పెడితే నొప్పి అంటే ఆగిపో, అది కండరం నొప్పి కాదు, డాక్టరుకి చూపించు. మీ బావకి షుగరుండి అరికాలు మొద్దుబారిందన్నావు కదా, అతనికి నీ బూట్లు ఎరువివ్వకు. ముల్లు దిగినా తెలియని కాలికి ఇవి అస్సలు పనికిరావు.

కోరింగనుంచి రాగానే మంచినీళ్ళతో కడుగు, ఉప్పు ఉండిపోతే తోలు గట్టిపడి పగులుతుంది, లేసు కొక్కేలు తుప్పు పడతాయి. లోపలి అట్ట తీసి విడిగా ఆరెయ్. లోపల పాత పేపరు ఉండలు కూరి, రెండు గంటలకోసారి మార్చి, ఫాను కింద పెట్టు. ఎండలో పెడితే జిగురు వదిలి సోలు నోరు తెరుస్తుంది. తెరిస్తే చెప్పులు కుట్టేవాడి చేత సొల్యూషన్ వేయించి పక్క కుట్టు వేయించు. సోలు అడ్డంగా పొడిచి కుట్టనివ్వకు, పలచటి సోలుకి ఆ కన్నాల్లోంచే నీళ్ళెక్కుతాయి. ఒక లాభం ఏమిటంటే, ట్రెక్కింగు బూట్ల మధ్యలో ఉండే పాలీయురేతేన్ నురగ మన తేమకి నాలుగైదేళ్ళలో పెట్టెలోనే పొడైపోతుంది, వీటిలో ఆ పొరే ఉండదు.

అంత డబ్బు పెట్టడానికి మనసొప్పకపోతే ముందు సెక్యూరిటీవాళ్ళు వేసుకునే కాన్వాసు జంగిల్ బూటు ఒక సైజు పెద్దది కొని, లోపలి అట్ట తీసేసి నెల నడువు. అది వేళ్ళ దగ్గర ఇరుకే, సోలు కూడా కాస్త బిరుసే. అయినా పిక్కలు ఏమంటాయో తెలుస్తుంది.

కాగితం మీద గీసిన రెండు పాదాలూ పొడవూ వెడల్పూ రాసి పంపు. మేజోళ్ళతో గీశావో లేకుండా గీశావో పక్కన రాయడం మరిచిపోకు.

మీ మావయ్య