జేఈ వైరస్ ఏ జీనోటైపో యాంటీబాడీ పరీక్షతో తేలుతుందా?

మెదడువాపు కేసులొచ్చిన ఊళ్లో పట్టిన దోమల పూల్‌లో (కలిపి నూరిన దోమల గుంపులో) జేఈ (జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్) పాజిటివ్ వచ్చిందని, రోగుల సీరం కూడా ఉందని, ఎలైజా (యాంటీబాడీలను రంగుతో చూపే పరీక్ష) చేసి జీనోటైపు (జన్యు రకం) చెప్పొచ్చా అని అడిగారు.

చెప్పలేరు. జేఈలో జీనోటైపులు ఐదున్నా సీరోటైపు (యాంటీబాడీలు వేరుగా గుర్తుపట్టే రకం) ఒక్కటే. యాంటీబాడీ పరీక్షలు ఇది జేఈనా, వెస్ట్ నైలా, డెంగీనా అన్నంతవరకే పనికొస్తాయి. జీనోటైపు కావాలంటే వైరస్ పైపొర ప్రోటీన్‌ను (దాని పేరు ‘ఇ’, E) తయారుచేసే ఇ జీన్ చదవాల్సిందే.

కారణం ఇ ప్రోటీన్ అమరికలోనే ఉంది. వైరస్ పైపొరను 180 ఇ అణువులు 90 జతలుగా కప్పి ఉంచుతాయి. ఒక్కో అణువులో 500 అమైనో ఆమ్లాలు, మూడు డొమైన్లు. రెండో డొమైన్ కొసన, 98 నుంచి 110వ అమైనో ఆమ్లం వరకు ఉండే ఫ్యూజన్ లూప్ (వైరస్ కణంలో కలిసిపోవడానికి వాడే ముక్క) జేఈ, డెంగీ, వెస్ట్ నైల్ ఉన్న ఫ్లావివైరస్‌ కుటుంబమంతటిలోనూ దాదాపు ఒకటే. అందుకే డెంగీ వచ్చి తగ్గినవాళ్లకు కూడా జేఈ ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) ఎలైజా పాజిటివ్ వస్తుంది. మూడో డొమైన్ మాత్రం ఏ వైరస్‌కు ఆ వైరస్‌దే. ఎలైజా ప్లేటుకు పూర్తి వైరస్ బదులు ఈ ముక్కను పూస్తే ఆ గందరగోళం చాలా తగ్గుతుంది. కానీ ఇ.కోలై బ్యాక్టీరియాలో తీసినప్పుడు అది ఇన్‌క్లూజన్ బాడీలుగా (కరగని ప్రోటీన్ ముద్దలుగా) ముద్దకడుతుంది. డైసల్ఫైడ్ బంధం సరిగ్గా కుదిరేలా రీఫోల్డ్ చేయకపోతే (తిరిగి సరైన ఆకారానికి మడవకపోతే) న్యూట్రలైజింగ్ (వైరస్‌ను అడ్డుకునే) యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టవు.

సీరంతో నమ్మదగ్గ పరీక్ష పీఆర్‌ఎన్‌టీ, అంటే సీరం వైరస్‌ను ఎంత అడ్డుకుందో ప్లాక్‌లు (వైరస్ కణాలను చంపిన ఖాళీ చుక్కలు) లెక్కపెట్టి చూసే పరీక్ష. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి, 1:10 నుంచి రెండింతలుగా పలచన చేసుకుంటూ పోవాలి. ప్రతి పలచనలో వెల్‌కు 50-100 ప్లాక్‌లిచ్చే వైరస్ కలిపి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి, వీరో (కోతి మూత్రపిండపు) కణాల మీద పోసి, పైన కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వేయాలి. నాలుగైదు రోజులకు ఫార్మలిన్‌తో ఫిక్స్ చేసి క్రిస్టల్ వయొలెట్ వేస్తే ఊదా పొర మీద ప్లాక్‌లు తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. అదే సీరాన్ని వెస్ట్ నైల్, డెంగీలతోనూ పక్కపక్కనే చేసి, ఒకదానికి కనీసం నాలుగింతలు ఎక్కువ టైటర్ (ఎంత పలచనదాకా సీరం అడ్డుకుందో ఆ అంకె) వస్తేనే దాని పేరు రాయండి. బ్యాక్ టైట్రేషన్ (నిజంగా ఎంత వైరస్ వేశారో విడిగా లెక్కపెట్టడం) మానేయకండి. వెల్‌లో పడిన వైరస్ 300 అయిపోతే టైటర్ తక్కువగా కనిపిస్తుంది, నాలుగింతల లెక్కంతా తప్పుతుంది. బతికున్న వైరస్‌తో పని కాబట్టి ఇది బీఎస్ఎల్-3 (మూడో స్థాయి జీవభద్రత) గదిలోనే చేయాలి.

ఇక జీనోటైపు సంగతి. మనుషుల్లో వైరస్ రక్తంలో ఉండేది కొద్దిరోజులే. ఆసుపత్రికి వచ్చేసరికి సీరంలోనూ సీఎస్ఎఫ్‌లోనూ (వెన్నునుంచి తీసే ద్రవంలోనూ) వైరస్ ఆర్‌ఎన్‌ఏ తరచుగా దొరకదు. మీ దగ్గర దోమల పూల్ ఉండటం అదృష్టం, దాన్నుంచే తీయండి. ఇ జీన్ 1500 బేస్‌లు. సాంగర్ రీడ్‌లో (సీక్వెన్సింగ్‌లో ఒకసారి చదివే ముక్కలో) శుభ్రంగా వచ్చేది 700 దాకానే కాబట్టి కనీసం 100 బేస్‌లు ఒకదాని మీదొకటి పడేలా మూడు ముక్కలుగా చేసి, రెండు వైపుల నుంచీ చదవండి. ఐదో జీనోటైపు మిగతావాటికి చాలా దూరం. ఒకటి, మూడు జీనోటైపులు చూసి తయారుచేసిన ప్రైమర్లు (జన్యువును నకలు తీయడానికి అతికే చిన్న ముక్కలు) దాన్ని పట్టకపోవచ్చు.

వైరస్‌ను కణాల్లో పెంచి చదవడం నాకు ఇష్టం లేదు. బీహెచ్‌కే లాంటి కణాల్లో నాలుగైదు పాసేజీలు (కొత్త కణాల్లోకి మార్చి పెంచడం) తిప్పితే ఇ ప్రోటీన్ ఆ కణాలకు తగ్గట్టు మారిపోతుంది. పెంచక తప్పకపోతే సీ6/36 దోమ కణాల్లో ఒక్కసారి చాలు.

క్రొమాటోగ్రామ్‌లో (సీక్వెన్సింగ్ శిఖరాల గ్రాఫులో) ఇ జీన్ 412వ బేస్ దగ్గర ఆగి చూడండి. అది 138వ అమైనో ఆమ్లపు కోడాన్‌లో మొదటి బేస్. అక్కడ జీ (G) ఉంటే గ్లూటమిక్ ఆమ్లం, ఏ (A) ఉంటే లైసిన్. ఎస్ఏ14-14-2 టీకా స్ట్రెయిన్‌లో 138లో లైసిన్, 107లో ల్యూసిన్ బదులు ఫినైల్ అలనిన్ ఉంటాయి. మీ దోమ నమూనాలో ఈ రెండూ కలిసి వచ్చాయంటే కొత్త వైరస్ దొరికిందని సంబరపడకండి, ముందు మీ పాజిటివ్ కంట్రోల్ (పరీక్ష పనిచేస్తోందో చూడటానికి పెట్టే తెలిసిన వైరస్) ఏదో చూడండి. ఆ కంట్రోల్ ఈ టీకా స్ట్రెయినే అయితే కలుషితమైందని దాదాపు ఖాయం. 412 దగ్గర జీ, ఏ రెండు శిఖరాలూ కలిసి ఉంటే మాస్టర్ మిక్స్ (పీసీఆర్ రసాయనాల మిశ్రమం) నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

జీనోటైపు తేల్చే వంశవృక్షం (చెట్టు) గీసేటప్పుడు బేస్‌లతోనే గీయండి. ఒకటి, మూడు జీనోటైపుల మధ్య ఇ ప్రోటీన్‌లో తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, 222, 327 లాంటి స్థానాల్లో. అమైనో ఆమ్లాలతో గీస్తే కొమ్మలు గట్టిగా విడిపోవు. రిఫరెన్స్‌గా ప్రతి జీనోటైపు నుంచీ ఒకటి పెట్టండి. మూడుకు నకయామా, నాలుగుకు జేకేటీ6468, ఐదుకు మువార్ సరిపోతాయి. చెట్టుకు వేరుగా దగ్గరి బంధువైన మర్రే వ్యాలీ వైరస్ బాగుంటుంది. బూట్‌స్ట్రాప్ (కొమ్మలు ఎంత నమ్మదగ్గవో చూసే పునఃపరీక్ష) 1000 సార్లు.

మన దేశంలో చాలాకాలం మూడోదే కనిపించింది. 2009లో గోరఖ్‌పూర్ రోగుల నమూనాల్లో ఒకటోది కూడా బయటపడింది. అందుకని ‘ఇక్కడ మూడే కదా’ అనుకుని మూడో జీనోటైపుకు మాత్రమే సరిపోయే ప్రైమర్లు వాడొద్దు. హైదరాబాద్‌లో తయారయ్యే జెన్‌వ్యాక్ టీకాకు మూలమైన కోలార్ స్ట్రెయిన్ కూడా మూడోదే. టీకా వేయించుకున్నవాళ్ల సీరం ఐదో జీనోటైపును అంత గట్టిగా అడ్డుకోదు. కాబట్టి పీఆర్‌ఎన్‌టీ ఫలితం రాసేటప్పుడు పక్కనే ఏ స్ట్రెయిన్‌తో చేశారో, రోగికి టీకా పడిందో లేదో తప్పకుండా రాయండి.