వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే సిస్టమ్ మొత్తం ఆగుతుంది, దాన్ని కొన్ని కోర్లకే కట్టేయొచ్చా?

అన్నా, కట్టేయొచ్చు. ఐ5 13400 ప్రాసెసర్ (సీపీయూ), 16 జీబీ ర్యామ్, విండోస్ 11, పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినంక అదే సిస్టమ్ మీద పాప ఆన్‌లైన్ క్లాస్ వాయిస్ తెగి తెగి వస్తుంది, వీడియో సాఫ్ట్‌వేర్‌ను వేరే కోర్లకు పంపొచ్చా, ఇదే కదా నువ్వు అడిగింది. నేను మిర్యాలగూడల ఇంటికాడనే మిక్సింగ్ చేస్త, మాఘం శ్రావణం వచ్చిందంటే మా సిస్టమ్ రాత్రి పగలు ఎక్స్‌పోర్ట్‌లనే ఉంటది, దాని మీదనే మా తమ్ముడు ఆల్బమ్ డిజైన్ చేసుకుంటడు, అందుకే ఈ పని నాకు రోజూ ఉండేదే.

కోర్లంటే సీపీయూ లోపల పని చేసే భాగాలు, వాటి జోలికి పోకముందు టాస్క్ మేనేజర్‌ల పర్ఫార్మెన్స్ తెరిచి డిస్క్ ఎంత చూపిస్తుందో చూడు. విండోస్, ఫుటేజ్ అన్నీ ఒకటే పాత హార్డ్ డిస్క్ మీద పెట్టి అది 100 శాతం కాడ నిలబడ్డదనుకో, కోర్లు ఎట్ల మార్చినా ఫరక్ పడదు, ఎస్ఎస్‌డీ వేసుకునుడే. డిస్క్ ఖాళీగా ఉండి సీపీయూ నిండిపోతుంటేనే కింద చెప్పేది పనికొస్తది.

టాస్క్ మేనేజర్‌ల డీటెయిల్స్‌కు పో, సాఫ్ట్‌వేర్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి సెట్ అఫినిటీ నొక్కు, అంటే ఆ ప్రోగ్రామ్ ఏ కోర్ల మీద నడవాలెనో చెప్పుడు. సీపీయూ 0 నుంచి 15 దాకా టిక్కులు కనపడతయి, వద్దన్న వాటికి టిక్ తీసి ఓకే కొట్టు, అంతే. నీ 13400ల పెద్ద కోర్లు 6, ఒక్కోదానికి రెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి రెండు పనులు నడిపే దారులు, కాబట్టి అవి 12, చిన్న కోర్లు 4 వాటికి ఒక్కో థ్రెడ్డే, మొత్తం 16. మామూలుగ విండోస్‌ల 0, 1 రెండూ ఒకటే పెద్ద కోర్ కింద వస్తయి, 2, 3 ఇంకోటి, ఆఖరి 12 నుంచి 15 చిన్నవి. కాబట్టి 0 ఒక్కదానికి టిక్ తీసి ఒక కోర్ ఖాళీ చేసిన అనుకోవద్దు, తీస్తే జతగా తియ్యాలె. నేనైతే 0 నుంచి 3 దాకా తీసేస్త, అంటే రెండు పెద్ద కోర్లు ఎక్స్‌పోర్ట్‌కు దొరకవు, బ్రౌజర్, వాట్సాప్, క్లాస్ అన్నిటికీ ఊపిరి ఆడుతది. ఎక్స్‌పోర్ట్ కొంచెం లేట్ అయితది, అది ఒప్పుకోవాల్సిందే.

శానామంది ఇక్కడ ఒకటి తప్పుగ అనుకుంటరు. అఫినిటీ పెడితే ఆ కోర్లు ఆ ప్రోగ్రామ్‌కే సొంతం అయిపోవు. బస్సుల కండక్టర్ పెళ్లోళ్లను వెనక సీట్లల్నే కూసోమన్నడనుకో, వెనక సీట్లు వాళ్లకు రాసిచ్చినట్టు కాదు కదా, దారిల ఎక్కినోళ్లు కూడా వచ్చి కూసుంటరు. అట్లనే దీనివల్ల ప్రోగ్రామ్ స్పీడ్ పెరగదు, బరువు ప్రోగ్రామ్‌ను ఒక దిక్కు ఆపుతది అంతే. గేమ్‌కు నాలుగు కోర్లు కట్టబెడితే ఫాస్ట్ అయితదా అని మా గల్లీ పిల్లలు అడుగుతరు, ఎక్కువసార్లు ఇంకా స్లో అయితది.

ఇంకో తిప్పలు, సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే ఈ సెట్టింగ్ పోతది, మళ్లా మొదటికే. రోజూ టిక్కులు తీసుడు ఎవరితోని అయితది, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ చేసి పెట్టుకో. అందుల సీఎండీ, స్లాష్ సి, స్టార్ట్, తర్వాత ఖాళీ డబుల్ కోట్స్ జత, తర్వాత స్లాష్ అఫినిటీ, ఒక స్పేస్, ఇంగ్లీష్ అక్షరం ఎఫ్ మూడు సార్లు దాని వెనక ఒక సున్నా, ఆఖరికి సాఫ్ట్‌వేర్ పాత్ కోట్స్‌ల. ఆ ఖాళీ కోట్స్ మర్చిపోవద్దు, స్టార్ట్ కమాండ్ మొదటి కోట్స్‌ల ఉన్నదాన్ని విండో టైటిల్ అనుకుంటది, నీ పాత్‌ను టైటిల్ చేసి సాఫ్ట్‌వేర్ తెరవకుండ ఉత్త నల్ల విండో పెడతది. ఆ నంబర్ హెక్స్‌ల, అంటే 16 గుర్తుల లెక్కల, ఉంటది, కుడి చివరి సున్నా అంటే 0 నుంచి 3 దాకా బంద్, మిగతా 12 చాలు. షార్ట్‌కట్ నుంచి తెరిస్తే ఇంకో లాభం ఏందంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు మొదలైనప్పుడే కోర్లు లెక్కపెట్టుకొని అన్ని థ్రెడ్లు తెరుస్తయి, నడిమిట్ల కోర్లు తీసేస్తే 16 థ్రెడ్లు 12 జాగల కొట్లాడుకుంటయి.

నన్నడిగితే ముందు ప్రయారిటీ మార్చి చూడు. అదే రైట్ క్లిక్‌ల సెట్ ప్రయారిటీ, బిలో నార్మల్. అప్పుడు వేరే ఎవరికీ పని లేనప్పుడు ఎక్స్‌పోర్ట్ 16నూ వాడుకుంటది, క్లాస్ మొదలైతే అదే పక్కకు జరుగుతది, సగం కేసులల్ల దీంతోనే అయిపోతది. అయినా వాయిస్ తెగుతుంటే అప్పుడు అఫినిటీ. రియల్‌టైమ్ అనేది మాత్రం దేనికీ పెట్టకు, మౌస్ కూడా కదలకుండ అయితది.

ఇంటెల్‌ల 2021ల వచ్చిన 12వ జనరేషన్ నుంచి ఇట్ల చిన్న పెద్ద కోర్లు కలిపి ఇస్తున్నరు కదా, వీటి మీద ఎక్స్‌పోర్ట్ విండో మినిమైజ్ చేస్తే విండోస్ దాన్ని వెనక పని అనుకొని ఒక్కోసారి చిన్న కోర్ల మీదికే తోస్తది, గంట పని మూడు గంటలు పడ్తది. పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్ పెట్టినా, విండోను మినిమైజ్ చేయకున్నా ఇది చాలావరకు తగ్గుతది. నువ్వు మాత్రం పాప క్లాస్ నడిచేటప్పుడు కావాలని మినిమైజ్ చేసుకో, ఏ సెట్టింగ్ ముట్టకుండనే పని అయిపోవచ్చు.

యాంటీవైరస్, యాంటీచీట్ (ఆటల మోసం ఆపే సాఫ్ట్‌వేర్) ఉన్న గేములు అఫినిటీ మార్చనియ్యవు, యాక్సెస్ డినైడ్ అంటయి, వాటిని వదిలెయ్. ఎక్స్‌పోర్ట్ గ్రాఫిక్స్ కార్డ్ మీద నడుస్తుంటే కూడా వీటితోని పెద్ద మార్పు ఉండదు. ఎండాకాలం మాత్రం నేను ఇంకో నాలుగు థ్రెడ్లు ఎక్కువ తీసేస్త, మన దిక్కు మే నెల ఎండల రూమ్‌ల కూలర్ ఉన్నా సీపీయూ ఫ్యాన్ మోత ఆగదు, అట్ల తీస్తే వేడి తగ్గుతది, కరెంట్ పోయినప్పుడు యూపీఎస్ కూడా ఎక్స్‌పోర్ట్ ఆపుకొని సిస్టమ్ బంద్ చేసుకునే దాకా నిలబడుతది.