మా సాయిల్ సైన్స్ జర్నల్ బాగుపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు మెథడ్స్ పేజీ తెరవండి

మీరు అడిగింది ఇదీ: కొందరు టీచర్లు కలిసి నడిపే సాయిల్ సైన్స్ జర్నల్ మీ చేతికొచ్చింది, ఏడాదికి రెండు సంచికలు, రివ్యూయర్లు (పేపర్ అచ్చయ్యేముందు పరిశీలించేటోళ్లు) నెలల తరబడి జవాబియ్యరు, మంచి పేపర్లు రావు, నాస్ (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ) జర్నళ్లకు ఇచ్చే రేటింగ్ పెరగదు, ఎక్కడ మొదలుపెట్టాలె అని. నేను హన్మకొండలో ఉంటా, వరంగల్, జగిత్యాల దిక్కు నేలల మీద పనిచేసి రిటైర్ అయిన, అట్లాంటి చిన్న జర్నల్‌కే ఆరేండ్లు ఎడిటర్‌గా చేసిన. చాలామంది వెబ్‌సైట్ మార్చుమంటరు, బోర్డుల ఫారిన్ పేర్లు పెట్టుమంటరు. నేను మాత్రం వచ్చిన ప్రతి పేపర్ల ముందుగాల మెథడ్స్ పేజీ, అంటే ప్రయోగం ఎట్ల చేసిండ్రో రాసిన పేజీ, తెరవమంట. ఎందుకో చెప్త.

ఒకసారి పరకాల దిక్కు ఒక రైతువేదికల మీటింగ్ పెట్టిండ్రు. మా జర్నల్‌ల అచ్చయిన పేపరే ఒకటి, పత్తికి పొటాష్ ఎప్పుడెప్పుడు ఎంతెంత వెయ్యాలె అనేది, తెలుగుల వివరంగ చెప్తున్న. వెనుక వరుసలకెంచి ఒక పెద్దమనిషి లేచి "సార్, ఇది ఏ భూమిల చేసిండ్రు, చెల్కల్నా రేగడిల్నా?" అని అడిగిండు. చేతిల పేపర్ ఉండె, తిరగేసిన. ఫార్మ్‌ల చేసినం, నేల సారం మధ్యస్థం అని ఒక్క లైను, అంతే. మట్టి టెక్స్చర్ (ఇసుక, బంకమన్ను పాళ్లు) లేదు, ఎంత లోతుల తీసిండ్రో లేదు, ఏ నెలల తీసిండ్రో లేదు. ఇద్దరు రివ్యూయర్లు చూసిండ్రు, నేను చూసిన, మా ముగ్గురికీ తట్టని ప్రశ్న ఆయనకు కూసున్న జాగల తట్టింది. ఆయనకు చెల్క (ఎర్ర ఇసుక నేల) ఉన్నది, వాగు పక్క కొంత రేగడి (నల్ల నేల) ఉన్నది, రెండింట్ల నీళ్లు ఒక్క తీరు నిలవయి, పొటాష్ ఒక్క తీరు నిలవదు అని చేతులతోని తెలిసిన మనిషి. "చూసి చెప్త పెద్దయ్యా" అని కూసున్న, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలే.

తెల్లారి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్న. పేపర్ రాంగనే ఇంట్రడక్షన్ చదవను. ముందు మెథడ్స్, తర్వాత టేబుళ్లు, ఇరవై నిమిషాలు. నేల స్థానిక పేరు ఉన్నదా, దాని పక్కన వర్గీకరణ పేరు ఉన్నదా (ఊర్ల చెల్క అంటే మన దగ్గర చాలావరకు ఆల్ఫిసాల్స్‌లకు వస్తది, రేగడి అంటే వర్టిసాల్స్‌లకు, కానీ ప్రతిసారి అట్లనే ఉండదు కాబట్టి రెండూ రాయాలె), మట్టి 0–15 సెంటీమీటర్లల తీసిండ్రా ఇంకా కిందికి పోయిండ్రా, ఎన్ని జాగలల తీసి కలిపిండ్రు, భాస్వరం ఏ పద్ధతిల తీసిండ్రు. ఆల్సెన్‌ది 1954 పద్ధతి, మన సున్నం ఉన్న నేలలకు సరిపోతది, ఆమ్ల నేలలకైతే బ్రే పద్ధతి వాడుతరు, కొందరు పీహెచ్ ఎంతో చెప్పకుండ "స్టాండర్డ్ మెథడ్" అని రాసి పంపుతరు, ఏ స్టాండర్డ్ అని నేను వాపస్ పంపుతుంటి. ఇంకోటి, పీపీఎంను (పది లక్షల భాగాలల ఎన్ని భాగాలు అనే లెక్క) 2.24 తోని గుణించి హెక్టారుకు కిలోలు అని రాస్తరు, అంటే 15 సెంటీమీటర్ల మట్టికి బల్క్ డెన్సిటీ (ఒక ఘన సెంటీమీటర్ మట్టి ఎన్ని గ్రాములు తూగుతదో) ఒకటిన్నర దగ్గర ఉన్నదని ఒప్పుకున్నట్టే కదా, రేగడిల అది తేమను బట్టి మారుతనే ఉంటది, కొలిచిండ్రా లేదా అని అడగాలె. టేబుల్‌ల భాస్వరం పీ (ఉత్త మూలకం) లెక్కన ఇచ్చి కింద చర్చల పీ టూ ఓ ఫైవ్ (దాని ఆక్సైడ్) లెక్కన మాట్లాడిన పేపర్లు నాకు ఒకటి కాదు చాలా వచ్చినయి, రెండింటికి మధ్య 2.29 రెట్లు తేడా ఉంటది, చిన్న తప్పు కాదది.

మా చేతులారా జరిగిన తప్పు కూడ చెప్త. ఒక పేపర్ల చెల్క నేలల సేంద్రియ కర్బనం 0.72 శాతం అని అచ్చయింది. మనకు 0.5 కన్న తక్కువ ఉంటే తక్కువ, 0.75 దాక మధ్యస్థం అంటం కద, అంటే ఆ నేల మధ్యస్థంల పడ్డది. కొన్ని నెలలకు ఒక పీజీ పిల్ల మెయిల్ పెట్టింది, సార్ మా ల్యాబ్‌ల అదే ఊరి చెల్కలు చేస్తే 0.4 దగ్గర వస్తున్నయి, నా టైట్రేషన్ల ఏమన్న తప్పున్నదా, డైక్రోమేట్ మళ్ల తయారుచేసి కూడ చూసిన అని. పాపం తన తప్పే అనుకున్నది. నేను ఆథర్ దగ్గర రా డేటా అడిగి తీసుకుని కూసుని లెక్కేస్తే తేలింది, ఆయన సేంద్రియ కర్బనం అని రాసింది నిజానికి సేంద్రియ పదార్థం, కర్బనాన్ని 1.724 తోని గుణించినంక వచ్చిన అంకె. వెనక్కి భాగిస్తే 0.42. ఆ నేల "తక్కువ"ల పడుతది, దానికి చెప్పే నత్రజని డోసు వేరే. కర్బనం కొలిచేది వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు 1934ల చెప్పిన పద్ధతితోని, దాంట్ల కర్బనం పూర్తిగ కాలదు, 77 శాతమే దొరుకుతదని 1.3 తోని గుణిస్తం, ఆ ఫ్యాక్టర్ ఒకటి ఈ ఫ్యాక్టర్ ఒకటి, ఎవరు ఏది ఎన్నిసార్లు వాడిండ్రో పేపర్ల రాయకపోతే చదివేటోళ్లకు ఎట్ల తెలుస్తది? తర్వాతి సంచికల మొదటి పేజీలనే సవరణ వేసినం. ఆథర్ నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. ఆ పిల్లకు మాత్రం నేనే ఫోన్ చేసి నీ టైట్రేషన్ సరిగనే ఉన్నదమ్మా, తప్పు మాది అని చెప్పిన, ఆమె కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత థాంక్యూ సార్ అన్నది. అప్పటి నుంచి లెక్క కట్టిన ఫార్ములా, రా డేటా ఎక్సెల్ ఫైల్, ఈ రెండు లేకుంటే పేపర్ రివ్యూకే పోదని పెట్టినం. మొదటి ఏడాది వచ్చే పేపర్లు తగ్గినయి, భయపడకండ్రి, తగ్గుతయి.

రిప్లికేషన్ల (ఒకే ప్రయోగాన్ని వేరే వేరే మడులల మళ్ల చేసుడు) సంగతి కూడ మీరే చూసుకోవాలె, రివ్యూయర్లకు వదిలిపెట్టొద్దు. ఒకే మడిలకెంచి మూడు సంచుల మట్టి తీసి మూడు రిప్లికేషన్లు అని రాస్తరు. అది ఒక్క మడే, మూడు సార్లు కొలిచిండ్రు అంతే. హర్ల్‌బర్ట్ 1984లనే దీన్ని సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టి చెప్పిండు, ఇప్పటికీ వస్తనే ఉన్నయి. లేఅవుట్ బొమ్మ అడగండ్రి, బొమ్మ గీయమంటే అసలు సంగతి బయటపడుతది.

ఇగ రివ్యూయర్లు. మేం కూడ మొదట్ల అదే పదిమంది పెద్దోళ్లకు పంపుతుంటిమి, వాళ్లకు ఇరవై జర్నళ్ల నుంచి వస్తుంటయి, ఎందుకు చూస్తరు? నేను చేసింది ఏందంటే మెయిల్ పంపేముందు ఫోన్ చేసి, సార్ పదిహేను రోజులల చూడగలుగుతరా, లేకుంటే లేదనుండ్రి ఏమనుకోను అని అడుగుడు. లేదన్నోళ్ల మీద కోపం పెట్టుకోలే, వేరే పేరు చెప్పమన్న. కొత్తగ పీహెచ్‌డీ అయినోళ్లను లిస్టుల కలిపిన, వాళ్లు ల్యాబ్‌ల రోజూ చేతులు పెడుతరు కాబట్టి మెథడ్స్‌ల తప్పు పెద్దోళ్ల కన్న ముందు పట్టుకుంటరు, పక్కన ఒక సీనియర్‌ను పెట్టి ఇద్దరితోని చూపిస్తే సరిపోతది. రెండు పేజీల రివ్యూ ఫారం ఉండె, దాన్ని ఆరు ప్రశ్నలకు తెచ్చినం, మొదటి ప్రశ్న ఆ పెద్దమనిషి అడిగిందే, ఇది ఏ నేల, ఆ సంగతి చదివేటోళ్లకు తెలుస్తున్నదా అని. నిర్ణయం అయినంక రెండో రివ్యూయర్ ఏం రాసిండో మొదటి రివ్యూయర్‌కు కూడ పంపండ్రి, పేర్లు తీసేసి. ఈ ఒక్క పనికి మాకు వచ్చినంత మంచి పేరు ఇంక దేనికీ రాలే, ఎందుకంటే అప్పటిదాక వాళ్లు రాసింది ఎక్కడ పోతదో వాళ్లకు తెల్వకపోవుడే.

ఒత్తిడి వస్తది, తప్పదు. ఒక పెద్దాయన ఫోన్ చేసి మా పిల్లగాని ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉన్నది, ఈ సంచికలనే రావాలె అన్నడు. నేను రివ్యూకు పంపుత సార్, మీరు చెప్పినట్టే తొందరగ చూపిస్త, కానీ చూపించకుండ వెయ్య అన్న. ఏడాది నాతోని సరిగ మాట్లాడలే. ఆ పేపర్ రెండుసార్లు తిద్దినంక తర్వాతి సంచికల వచ్చింది, మంచిగనే వచ్చింది. డబ్బుల విషయంల మాత్రం ఒకటి గట్టిగ పట్టుకోండ్రి, పేపర్ తీసుకుంటున్నమని చెప్పేముందు ఒక్క రూపాయి అడగొద్దు.

తేడా రాలేదు అన్న పేపర్లను కూడ వెయ్యండ్రి. 2015ల చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనంక చెరువు మట్టి మీద మస్తు పేపర్లు వచ్చినయి, అన్నిట్ల దిగుబడి పెరిగిందనే. చెల్కల పెరుగుతది, అందుల బంకమన్ను తక్కువ, చెరువు ఒండ్రు కలిస్తే నీళ్లు పట్టుకుంటది. రేగడిల బంకమన్ను ముందే ఉన్నది కద, అక్కడ అంత లాభం వస్తదా? రాలేదని ఎవరన్న కష్టపడి తేల్చి పంపితే "సిగ్నిఫికెంట్ కాదు" అని రివ్యూయర్లు కొట్టేస్తరు, నేను అట్లాంటియి వాళ్లతోని కొట్లాడి నిలబెట్టిన. ట్రాక్టర్ కిరాయి పెట్టేది రైతు, ఎక్కడ పెట్టొద్దో కూడ ఆయనకు తెలవాలె. అట్లనే ప్రతి పేపర్‌కు అర పేజీ తెలుగు సారాంశం పెట్టించినం, ఆథరే రాయాలె, గూగుల్‌ల వేసి తిప్పింది వద్దన్నం, మొదట్ల గొణిగిండ్రు, తర్వాత వ్యవసాయ విస్తరణాధికారులు వాట్సాప్‌ల ఆ అర పేజీ ఫోటోలు తీసి పంపుకునుడు చూసి వాళ్లే సంతోషపడ్డరు.

రేటింగ్, లిస్టుల గురించి ఎక్కువ చెప్ప. యూజీసీ 2025ల కేర్ లిస్టే (అది గుర్తించిన జర్నళ్ల లిస్టు) తీసేసింది, లిస్టు చూసి పేపర్ పంపేటోళ్లను నమ్ముకుంటే కష్టం. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరుకుతది, అది పెట్టుకోండ్రి, క్రాస్‌రెఫ్ ద్వారా ప్రతి పేపర్‌కు డీఓఐ (ఆన్‌లైన్‌ల మారని గుర్తింపు నంబర్) ఇప్పించండ్రి, పాత సంచికలు స్కాన్ చేసి పెట్టండ్రి, చెప్పిన నెలల సంచిక తీయండ్రి. ఏడాదికి రెండు సంచికలను నాలుగు చెయ్యాల్నా అని కూడ అడిగిండ్రు, ఇప్పుడే వద్దు. పేపర్లు సరిపోక సంచిక నింపాలె అని పడ్డప్పుడే నేను ఆ పొటాష్ పేపర్‌ను తొందరల సరిగ చూడక అచ్చుకు వదిలిన.